కెర్నల్‌కి ప్యాచ్ పంపితే రోబో నుంచి ఫెయిల్ మెయిల్ వచ్చింది, ఇక మానేయాలా?

లినక్స్ కెర్నల్‌కి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, మొదటి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపితే మనుషులెవరూ పలకలేదని, టెస్ట్ రోబో (ప్యాచ్‌లను తనంతట తానే పరీక్షించే ప్రోగ్రాం) మాత్రం బిల్డ్ ఫెయిలని, అంటే కోడ్ నుంచి ప్రోగ్రాం తయారు కాలేదని మెయిల్ కొట్టిందని, ఇక మానేయాలా అని అడిగారు. మానేయడమేంటండీ? మీ కోడ్‌ని పట్టించుకున్నది అదొక్కటే కదా!

మా అక్క కొడుకు ఇక్కడే అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో ఏడు. వేసవి సెలవుల్లో ఒక డ్రైవర్‌లో (పరికరాన్ని నడిపే కోడ్‌లో) చిన్న సవరణ చేసి పంపాడు. మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చేశాడు. "మామా, ఇంటెల్ వాళ్లు తిట్టి పంపారు, పరువు పోయింది." చూస్తే అప్పటికే జవాబు కూడా రాసుకున్నాడు: "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ సారీ..." ఎవరికిరా అంటే రోబోకి! ఇంటెల్ నడిపే కెర్నల్ టెస్ట్ రోబో అది, దానికి సారీ ఎందుకు?

ఇంతలో కరెంటు పోయింది. వాడి లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి మెయిల్‌ని నా ఫోన్‌లో చదివాం. 32 బిట్ ఐ386 (పాత ఇంటెల్ ప్రాసెసర్ల రకం) బిల్డ్, ముక్కలన్నీ కలిపే లింకింగ్ దగ్గర ఆగిపోయింది, 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అట, అంటే పిలిచిన ఫంక్షన్ ఎక్కడా దొరకలేదని. "నా దాంట్లో ఒక్క వార్నింగ్ కూడా రాలేదు మామా" అంటాడు. ఎలా వస్తుంది, వాడిది 64 బిట్ మెషీన్. 64 బిట్ సంఖ్యని మామూలు భాగహారం గుర్తుతో భాగించాడు. 32 బిట్‌లో జీసీసీ కంపైలర్ ఆ పనిని తన లైబ్రరీ లిబ్‌జీసీసీలోని ఫంక్షన్‌కి అప్పగిస్తుంది. కెర్నల్ ఆ లైబ్రరీని లింక్ చేసుకోదు. ఆ గుర్తు బదులు కెర్నల్ సొంత ఫంక్షన్ డివ్_యూ64 వాడితే సరి. కరెంటు వచ్చాక ఒక్క లైను మార్చి, మెయిల్‌లో ఇచ్చిన కాన్ఫిగ్‌తోనే (బిల్డ్ సెట్టింగుల ఫైలుతోనే) మళ్లీ బిల్డ్ చేస్తే గట్టెక్కింది.

అటు జీసీసీతో, ఇటు క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌తో, ఎవరూ ఊహించని కాన్ఫిగ్‌లతో, ఇన్ని ఆర్కిటెక్చర్లకు (ప్రాసెసర్ రకాలకు) కంపైల్ చేయడం మన లాప్‌టాప్‌ల వల్ల అయ్యే పనేనా? రోబో ఊరికే చేసి పెడుతోంది. మీది ఏ కాలేజీ, ఎంత పర్సెంటేజీ అని కూడా అడగదు.

కాలేజీ అంటే గుర్తొచ్చింది. వాడి ల్యాబ్‌లో ఇంకా పాతకాలపు టర్బో సీ కంపైలర్ నీలం తెరే. వైవాలో ఇంట్ (పూర్ణసంఖ్య) సైజు రెండు బైట్లంటేనే మార్కులు, మెషీన్‌ని, కంపైలర్‌ని బట్టి ఉంటుందన్నవాడికి సున్నా! రికార్డులో మార్జిన్లు మాత్రం స్కేలుతో గీయాలి. నన్నడిగితే మా జిల్లాలో ఏ ల్యాబూ మూడేళ్లలో నేర్పనిది ఆ మెయిల్ ఒక్క పూటలో నేర్పింది.

అలాగని రోబో మాట్లాడలేదంటే ప్యాచ్ బాగున్నట్టు కాదు. అది ఎక్కువగా పట్టుకునేవి బిల్డ్ తప్పులు, వార్నింగులే. మీ లాజిక్ సరైందో కాదో మనిషే చూడాలి.

మీరు చేయాల్సింది, సరిచేసి వీ2గా (రెండో వెర్షన్‌గా) పంపడం. ఏం మార్చారో ప్యాచ్‌లోని మూడు అడ్డగీతల (---) కింద రాయండి, అది కమిట్ చరిత్రలోకి ఎక్కదు. 'రిపోర్టెడ్-బై' (తప్పు చూపించింది ఎవరో చెప్పే) ట్యాగ్ తగిలించకండి. విడిగా ఇంకో ప్యాచ్‌తో సరిచేస్తేనే అది పెట్టమని ఆ మెయిల్‌లోనే ఉంటుంది, ఎవరూ సరిగ్గా చదవరు.

మావాడి వీ2కి రోబో నుంచి ఫిర్యాదు రాలేదు. మెయింటెయినర్ (ఆ డ్రైవర్ కోడ్ బాధ్యత చూసే మనిషి) నుంచి ఉలుకూ పలుకూ లేదు. మనుషుల చేత జవాబు ఎలా రాయించుకోవాలో ఇంకో ప్రశ్న వేయండి, దానికి ఇంతకంటే పెద్ద జవాబు ఉంది నా దగ్గర.