తాళం మీద చేయి పడ్డప్పుడే దెబ్బ మొదలవుతుంది

"బండి ఆపి కాగితాలు చూసేటప్పుడు పోలీసులు చేయి చేసుకోవచ్చా? అలా జరిగితే మనం ఏం చేయగలం?" అని అడిగారు. చేసుకోకూడదు. ఇందులో రెండో మాట లేదు. అయితే నేను చెప్పాలనుకున్నది దెబ్బకు ముందు జరిగే ఒక చిన్న పని గురించి. బండి ఇంకా పూర్తిగా ఆగకముందే పక్క నుంచి ఒక చేయి వచ్చి తాళం లాగేస్తుంది చూడండి, నా గొడవంతా దాని గురించే. నేను కళ్ళారా చూసిన తగాదాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా మోటారు వైండింగ్ దుకాణం నడుపుతున్నాను. సాగర్ కాలువ అందని పొలాలన్నీ బోర్ల మీదే బతుకుతాయి. యాసంగి వచ్చిందంటే కరెంటు హెచ్చుతగ్గులకు మోటార్లు కాలిపోతూనే ఉంటాయి. కాలిన మోటారు తెచ్చిన రైతుకు రాత్రి నిద్ర ఉండదు, నాకూ ఉండదు.

2023 మార్చిలో అలాగే ఒక రైతు మోటారు తెచ్చి ఇచ్చాడు. వరి పొట్ట దశలో ఉంది. రెండు రోజులు నీళ్ళు ఆగితే తాలే మిగులుతుంది. రాత్రంతా కూర్చుని తీగ చుట్టి, పొద్దున తొమ్మిదిన్నరకు పరీక్ష చేసి, బండి మీదికి ఎత్తాం. ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, నలభై కిలోలకు తక్కువ ఉండదు. ఆటో కోసం చూస్తే గంట పోతుంది. మా అక్క కొడుకు బండి నడుపుతున్నాడు. మోటారును మా ఇద్దరి మధ్య సీటు మీద అడ్డంగా పెట్టి సైకిలు ట్యూబుతో బిగించి కట్టాం. వెనక కూర్చుని రెండు చేతులతో నేను పట్టుకున్నాను. హెల్మెట్ ఉంది, కానీ తలకు లేదు, అద్దానికి వేలాడుతోంది. తప్పు మాదే, దాన్ని దాచను.

ఊరు దాటాక కల్వర్టు దగ్గర ఒక మలుపు ఉంది. మలుపు తిరగ్గానే వేపచెట్టు చాటు నుంచి ఒక కానిస్టేబుల్ లాఠీ అడ్డంగా పట్టుకుని రోడ్డు మధ్యకు వచ్చాడు. పిల్లవాడు బ్రేకు వేశాడు. బండి నెమ్మదించింది, ఇంకా ఆగలేదు. ఎడమ వైపు నుంచి ఇంకొకతను పరుగున వచ్చి హ్యాండిల్ మీద చేయి వేసి తాళం లాగాడు. ఇంజను ఠక్కున ఆగింది, హ్యాండిల్ అటు తిరిగింది. నలభై కిలోల ఇనుము ఒక వైపు ఒరిగితే ఏ కాలు ఆపగలదు? ముగ్గురం, అంటే మేమిద్దరమూ ఆ మోటారూ, కలిసి పడ్డాం. మోటారు నా ఎడమ చీలమండ మీద పడింది.

నేను పైకి లేచేలోపే పిల్లవాడు అడిగాడు. "సార్, ఆపుతూనే ఉన్నాను కదా, తాళం ఎందుకు లాగారు?" అంతే, అంతకు మించి ఒక్క అక్షరం లేదు. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు, ప్రశ్న అడిగాడు. "ఏరా, నాకే చెబుతున్నావా?" అని చెంప మీద ఒకటి పడింది. చేయి అడ్డం పెట్టుకున్నందుకు తొడ మీద రెండు లాఠీ దెబ్బలు. ఆ రెండో అతని పిడికిట్లో మా తాళం ఉంది. దానికి మా అక్క యాదగిరిగుట్ట నుంచి తెచ్చిన చిన్న ఇత్తడి గంట కట్టి ఉంది. అతను లాఠీ ఎత్తినప్పుడల్లా ఆ గంట మోగింది. ఇన్నేళ్ళయినా నా చెవిలో ఉండిపోయింది ఆ చప్పుడే.

అప్పుడు నేనేం చేశానో కూడా చెప్పాలి. చేతులు జోడించాను. "తప్పయింది సార్, చిన్నవాడు సార్" అన్నాను. కాలు వాచిపోతోంది, పిల్లవాడు దెబ్బలు తిన్నాడు, క్షమాపణ నేను అడిగాను. జీపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న అధికారి లేవలేదు. "చలానా రాసి పంపించండి" అన్నాడు. హెల్మెట్ చలానా రాశారు, తాళం ఇచ్చారు. మోటారును బండి మీదికి ఎత్తడానికి ఎవరూ రాలేదు. అటుగా మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన కర్ర పక్కన పెట్టి సాయం పట్టాడు.

రైతు దగ్గర మోటారు దించి ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ పిల్లవాడి తొడ చూసి, మేమేమీ చెప్పకముందే "లాఠీయా?" అంది. రెండు ఎర్రటి గీతలు పక్కపక్కనే, మధ్యలో చర్మం తెల్లగా. గుండ్రటి కర్రతో గట్టిగా కొడితే కర్ర తగిలిన చోట రక్తం రెండు పక్కలకూ తోసుకుపోయి అంచుల్లో గడ్డకడుతుందట, అందుకే మధ్యలో తెలుపు మిగులుతుందని ఆమె వివరించింది. కిందపడితే ఇలాంటి గుర్తు రాదు. ఎవరు ఏ కథ చెప్పినా చర్మం మాత్రం అబద్ధం చెప్పదని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక చట్టం సంగతి. హెల్మెట్ పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను చెబుతుంది. పెట్టుకోకపోతే 2019 సవరణ ప్రకారం 194డి కింద 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. శిక్ష స్పష్టంగా రాసి ఉంది, అందులో చెంపదెబ్బ లేదు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలని 130వ సెక్షను. చూపాల్సిందే. కాగితాలు దగ్గర లేకపోతే ధ్రువీకరించిన నకళ్ళు 15 రోజుల్లో అందజేసే వెసులుబాటు 1989 కేంద్ర నిబంధనల్లో 139వ నిబంధన ఇస్తుంది. 2018 నుంచి ఫోనులో డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్న కాగితాలనూ ఒప్పుకోవాలి. లైసెన్సు, రిజిస్ట్రేషను, పర్మిటు వంటివి లేకుండా తిరిగే బండిని 207వ సెక్షను కింద స్వాధీనం చేసుకోవచ్చు. కదులుతున్న బండి నుంచి తాళం లాగమని మాత్రం ఏ సెక్షనూ చెప్పదు. అది బలప్రయోగమే. లాఠీ కంటే ప్రమాదకరమైన బలప్రయోగం, ఎందుకంటే లాఠీ తొడ మీద పడుతుంది, తాళం లాగితే మనిషి తల రోడ్డుకు తగులుతుంది. తల కాపాడడానికే కదా ఈ తనిఖీ పెట్టింది!

ఇది నా ఊహ కాదు. 2018 మార్చిలో తమిళనాడులో తిరుచిరాపల్లి దగ్గర హెల్మెట్ తనిఖీలో ఆగకుండా వెళ్ళారని ఒక దంపతుల బండిని వెంబడించి ఇన్‌స్పెక్టరు కాలితో తన్నాడు. వెనక కూర్చున్న భార్య కిందపడి చనిపోయింది. చలానాతో పోయే తప్పుకు ఒక ప్రాణం పోయింది.

పారిపోయేవాళ్ళను ఎలా పట్టుకోవాలి అని అడుగుతారు. ఎందుకు పరిగెత్తి పట్టుకోవాలి? మన తెలంగాణలో నంబరు ప్లేటు ఫోటో తీసి ఇంటికి ఈ-చలానా పంపే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది కదా. ఆ ఫోటోలు తీయడంలో ఎక్కడా లోటు లేదు. సంతకు వెళ్ళిన ముసలాయన బండి వెనక నుంచి కూడా ఫోటో పడుతుంది. అవి కట్టించడానికి ప్రభుత్వం 2022లో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చింది. సకాలంలో పూర్తి డబ్బు కట్టిన నాలాంటివాడు ఆ రాయితీ చూసి ఏమనుకోవాలి? ఒక చేత్తో తొడ వాచేలా కొట్టి వసూలు చేస్తారు, ఇంకో చేత్తో వందకు ఎనభై వదిలేస్తారు. అంత సులభంగా వదిలేయగలిగిన డబ్బు కోసం ఒక కుర్రవాణ్ణి రోడ్డు మీద పడేయడం ఏమి న్యాయం?

ఇంకో సంగతి కూడా చెప్పి తీరాలి. పొద్దున పది గంటలకు, ఎండలో, పొలానికి పోయే బండ్లను ఆపుతారు. కోతల కాలంలో రాత్రి ఎనిమిది తర్వాత మా రోడ్ల మీద వెనక దీపం లేకుండా వడ్ల ట్రాక్టర్లు నడుస్తాయి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్ళు ఎక్కి పడ్డవాళ్ళను నేనే ఇద్దరిని లేపాను. ఆ వేళప్పుడు ఆ వేపచెట్టు కింద ఎవరూ ఉండరు. ప్రాణాల కోసమే తనిఖీ అయితే ప్రాణాలు పోయే వేళకు రావాలి.

ఎండలో పన్నెండు గంటలు నిలబడితే చిరాకు వస్తుంది, పై నుంచి ఒత్తిడి ఉంటుంది, నిజమే. నా దుకాణం రేకుల షెడ్డు. మేలో అందులో వార్నిషు కాస్తూ మేమూ పనిచేస్తాం. చిరాకు వచ్చిందని ఏ రైతునూ నేను కొట్టలేదు. నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డు మీద ఒకసారి ఒక ఏఎస్ఐ నన్ను ఆపాడు. చేయి ఎత్తి, దూరం నుంచే పక్కకు రమ్మని చూపి, బండి ఆగి స్టాండు వేసేదాకా ఆగి, "కాగితాలు చూపించండి" అన్నాడు. రెండు నిమిషాల పని. తాళం నా దగ్గరే ఉంది, మర్యాద ఇద్దరి దగ్గరా ఉంది.

మీరు అడిగిన రెండో ప్రశ్న, ఏం చేయగలం అని. నేను చేయనిది మీరు చేయండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పి రాయించండి. సిగ్గుపడి జారిపడ్డానని చెప్పకండి. కొట్టడం అప్పటి ఐపీసీలో 323, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 115(2), ఏడాది వరకు జైలు పడే నేరం. పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరాల్లో అది లేదు కాబట్టి స్టేషనులో "ఇది మా పరిధి కాదు" అనే అవకాశం ఎక్కువ. అందుకని జిల్లా ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, వకీలును పట్టుకుని మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళండి. మానవ హక్కుల కమిషనుకు రాయాలంటే ఏడాది లోపు రాయాలి, అది దాటితే వాళ్ళు విచారణ చేపట్టరు.

ఆ ఏడాది గడువు సంగతి నాకు ఏడాది దాటాక తెలిసింది. ఆ రోజు మా అక్క ఒప్పుకోలేదు. "తమ్ముడూ, రేపు వాడు మళ్ళీ అదే రోడ్డు మీద పోవాలి, నువ్వు వెంట ఉంటావా?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆసుపత్రి చీటీ ఇప్పటికీ దుకాణంలో బేరింగుల బిల్లుల కింద ఉంది.

అమెరికాలో చదువుకుంటున్న మా ఊరి పిల్లలు, అక్కడ పోలీసు ఆపితే చేతులు స్టీరింగు మీద కనబడేలా పెట్టాలని చెబుతారు. 2023 జనవరిలో మెంఫిస్ నగరంలో కారు ఆపి కొట్టిన దెబ్బలకు 29 ఏళ్ళ యువకుడు మూడు రోజులకు చనిపోయాడు. ఆ దెబ్బలు పోలీసుల సొంత కెమెరాల్లోనే రికార్డయ్యాయి కాబట్టి లోకం చూసింది. మా కల్వర్టు దగ్గరా ఒక కెమెరా ఉంది, కానిస్టేబుల్ చేతిలో. అది మా నంబరు ప్లేటు వైపే చూసింది. తనిఖీ పెట్టినచోట కెమెరా పోలీసు ఛాతీ మీద కూడా ఉండాలి. మలుపులో కాకుండా దూరం నుంచి కనబడే చోట, బోర్డు పెట్టి ఆపాలి. తాళం ముట్టుకోకూడదని ప్రతి స్టేషనుకూ రాతపూర్వకంగా ఆదేశం వెళ్ళాలి. ఇందుకు డబ్బు కూడా పెద్దగా కాదు.

మా పిల్లవాడు ఇప్పుడు హెల్మెట్ లేకుండా గడప దాటడు. కానీ ఇంకో అలవాటు కూడా పట్టింది. ఎక్కడైనా ఖాకీ కనబడితే వంద గజాల ముందే బండి ఆపేస్తాడు. తాళం తానే తీసి చొక్కా జేబులో వేసుకుని, బండిని నడిపించుకుంటూ వాళ్ళ ముందు నుంచి వెళతాడు. మొన్న అలా వెళుతుంటే ఒక కొత్త కానిస్టేబుల్, వీడి వయసువాడే, "పెట్రోలు అయిపోయిందా తమ్ముడూ?" అని అడిగి, బంకు దాకా వెనక నుంచి ఒక చేయి వేసి తోశాడట. వీడు కాదని చెప్పలేక, బంకులో వంద రూపాయల పెట్రోలు పోయించుకుని వచ్చాడు.