మీథేన్‌కు వాసన ఉండదు

అమ్మాయీ,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. మూడో పేరాలో "ఉప్పునీరు చొరబడిన ఆ చిత్తడి నేల మీద మీథేన్ దుర్గంధం ముక్కుపుటాలను బద్దలు కొట్టింది" అని రాశావు. మీథేన్‌కు వాసన ఉండదు. నువ్వు అమెరికాలో ఫ్లోరిడా దక్షిణాన ఉన్న చిత్తడి నేలలు, ఎవర్‌గ్లేడ్స్ వెళ్లావు, అక్కడ నీ ముక్కుకు ఏదో తగిలింది. అంతవరకు నిజమే. తగిలిందేమిటో ఆగి చూడకుండా, ఎక్కడో చదివిన పేరు తెచ్చి దానికి అతికించావు.

నీకు వచ్చింది కుళ్లిన కోడిగుడ్డు వాసన అయి ఉంటుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. అది వచ్చిందంటే అక్కడ జరుగుతున్నది నువ్వు రాసినదానికి దాదాపు తలకిందులు. గాలి ఆడని మంచినీటి బురదలో ఆకూ వేరూ సగం కుళ్లి, వేల ఏళ్లు పేరుకుని పీట్ నేల అవుతుంది. ఆ బురదలోని ఒక రకం సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో 2.7 గ్రాముల దాకా సల్ఫేటే. ఆ సల్ఫేటు అందగానే ఇంకో రకం సూక్ష్మజీవులు పెరిగి, మీథేన్ చేసేవాటికి కావలసిన హైడ్రోజన్‌నీ ఎసిటేట్‌నీ ముందే తినేస్తాయి. మీథేన్ తగ్గుతుంది, గుడ్డు కంపు లేస్తుంది. ఉప్పు కొద్దిగా ఎక్కినచోట మాత్రం లెక్క ఒక్కలా ఉండదు, మీథేన్ పెరిగిన చోట్లూ ఉన్నాయి.

నలభై ఏళ్లుగా ఒకే మాట చెబుతున్నాను. నేల గురించి రాసేవాళ్లు ముక్కుతో మొదలుపెట్టాలి. "దుర్గంధం" అనే మాట ఏ వాసననూ చెప్పదు. మనకు నీచు ఉంది, పాచి ఉంది, కమురు ఉంది, ముక్కిపోయిన బియ్యం వాసన ఉంది. వీటిని వదిలేసి పుస్తకాల్లోంచి మాట అరువు తెచ్చుకోవడం ఎందుకు?

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక ఎండాకాలం సైకిలేసుకుని ఆకివీడు వైపు ఉప్పుటేరు గట్టుకు వెళ్లాను. పాటు వేళ. చేపలు పట్టే ఒక పెద్దాయన నీళ్ల అంచున గుప్పెడు బురద తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఉప్పెక్కింది బాబూ" అన్నాడు. తర్వాత కొల్లేటి వైపు కిక్కిస దుబ్బుల్లోంచి ఇంకో గుప్పెడు తెచ్చి పెట్టాడు. అది ఉత్త పాచి వాసన. కొల్లేరుది ఒండ్రుమట్టి, ఎవర్‌గ్లేడ్స్‌లో ఉన్నట్టు పీట్ కాదు, అయినా ఉప్పు జాడ రెండుచోట్లా ముక్కుకే ముందు తెలుస్తుంది. ఆ రెండు గుప్పిళ్ల మీదే నా మొదటి వ్యాసం నిలబెట్టాను. ఒక వారపత్రిక సంపాదకుడు వాసనలన్నీ కొట్టేసి "దుర్గంధం" అని పెట్టాడు, పైన "భూమాత ఆక్రందన" అని శీర్షిక తగిలించాడు. "పాఠకులకు బురదెందుకండీ" అన్నాడు. ఆ సంచిక అమ్మకు చూపించలేకపోయాను. ఈ రోజుల్లో పర్యావరణం అంటే చాలు, ప్రతి వ్యాసమూ ప్రళయంతోనే మొదలవుతోంది. నీదీ అలాగే మొదలైంది.

నీ అసలు కథ ఆఖరి పేజీలో రెండు వాక్యాలకు కుంచించుకుపోయింది. సాగ్రాస్ అనే గడ్డి దుబ్బుల చుట్టూ నేల దిగిపోయి, వేళ్లు బయటపడి, దుబ్బులు పీటల మీద కూర్చున్నట్టు కనిపించాయని రాశావు చూడు, అదీ వ్యాసం. భూమిని వేడెక్కించే మీథేన్ తగ్గిందని ఊరట పడేది ఇక్కడ ఏమీ లేదు. ఉప్పుకు గడ్డి వేళ్లు చస్తాయి. పీట్‌ను పట్టి ఉంచేవీ, కొత్తగా పోసేవీ ఆ వేళ్లే. అవి పోతే నేల కుంగి గుంటలుపడి నీళ్లు నిలుస్తాయి. సుమారు 5,000 ఏళ్లుగా అక్కడ దాచిపెట్టిన కార్బన్ కొంత కార్బన్ డయాక్సైడ్‌గా, కొంత నీళ్లలో కరిగి వెళ్లిపోతుంది. సముద్రం పైకి వస్తోంది. ఉత్తరం నుంచి దిగాల్సిన మంచినీటిని కాలువలు మళ్లించాయి, 1928లో తెరిచిన టామియామీ ట్రెయిల్ రోడ్డు అడ్డుకుంది. ఇవి నీ వ్యాసంలో లేవు.

ఎవర్‌గ్లేడ్స్ ఉత్తరాన సాగునేలల్లోని బెల్ గ్లేడ్ ఊళ్లో, నేల ఎంత దిగిందో కొలవడానికి పాతిన స్తంభం గురించి రాశావు కానీ తప్పుచోట వాడావు. 1924లో 9 అడుగుల కాంక్రీటు స్తంభాన్ని కింద రాయి తగిలేదాకా దించి, తల నేలకు సమానంగా ఉంచారు. ఇప్పుడది 6 అడుగులకు పైగా బయటకు తేలింది. అది సాగు కోసం నీళ్లు తోడేసి, పీట్‌కు గాలి తగలనిచ్చినందుకు జరిగింది. ఉప్పు చేసిన పని వేరు. తీరం దగ్గర ఎండాకాలంలో నీళ్లు దిగి గాలీ, ఉప్పూ ఒకేసారి తగిలితే నేల ఇంకా త్వరగా పోతుంది. ఆ రెంటినీ విడదీసి చూపించాకే కలిపి చూపించు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు మళ్లీ అక్కడికి వెళ్లు. నేషనల్ పార్కు కదా, మట్టి తవ్వకు. సాగ్రాస్ పచ్చగా ఉన్నచోట ఒకసారి, చచ్చినచోట ఒకసారి వంగి వాసన చూడు. రెండింటికీ రెండు తెలుగు మాటలు దొరికిన రోజు నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు