ఉమ్మడి కోడ్ పెట్టుకుంటున్న మేనల్లుడికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పలాస జీడిపప్పు వ్యాపారి, పొందూరు ఖద్దరు దుకాణం, అరసవల్లి లాడ్జి. ఈ ముగ్గురి సైట్లూ ఒకే డ్రూపల్ (వెబ్‌సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) కోడ్ మీద నడుపుతానని రాశావు. నిస్సంకోచంగా చెయ్యి. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో పెద్ద లోపం బయటపడింది. మన గడియారంలో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో సవరణ విడుదలైంది. ఏడు గంటల్లో, అంటే తెల్లవారుజామున నాలుగున్నరలోపు దాన్ని వేసుకోని సైటు పరుల చేతిలో పడ్డట్టే అనుకోమని డ్రూపల్ భద్రతా బృందం తర్వాత హెచ్చరించింది. సైటుకో కాపీ పెట్టుకున్నవాడు అలాంటి రాత్రి ఎన్ని చోట్లకని పరుగెత్తుతాడు?

అయితే కోడ్ ఒకటి చేశావని డేటాబేస్ కూడా ఒకటి చేయకు. ఒక్కో డొమైన్‌కు ఒక్కో ఫోల్డరు, అందులో దాని సెట్టింగ్స్ ఫైలు, దాని సొంత డేటాబేస్ ఉండాలి. పాస్‌వర్డులున్న ఆ ఫైలును గిట్‌లోకి, అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే చోటికి, ఎక్కించకు.

అసలు ప్రమాదం చిన్న కోరికలతో మొదలవుతుంది. జీడిపప్పు వ్యాపారి డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడు కనిపించాలంటాడు. పొందూరు వాళ్లు నూలు కౌంటు, అంటే దారం ఎంత సన్ననిదో, కనిపించాలంటారు. ‘పలాస సైటు అయితే గ్రేడు చూపించు’ అని ఉమ్మడి కోడ్‌లో ఒక్క షరతు రాస్తే ఆ పూటకు పని అయిపోతుంది. ఏడాది తిరిగేసరికి అలాంటివి ప్రతి ఫైలులోనూ ఉంటాయి, దేన్ని ముట్టుకుంటే ఎవరి సైటు పడిపోతుందో నీకే తెలియదు. దయచేసి ఆ మొదటి షరతు రాయకు. సరుకుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంటుందని మాత్రమే ఉమ్మడి కోడ్‌కు తెలియాలి. దాన్ని గ్రేడు అనాలా, కౌంటు అనాలా అన్నది ఆ సైటు సెట్టింగ్స్ చెప్పాలి. ఉమ్మడి కోడ్‌లో ఖాతాదారు పేరు వెతికితే ఒక్కచోట కూడా దొరకకూడదు. ఒక్కరే అడిగిన సౌకర్యాన్ని వారి మాడ్యూల్‌లోనే, అంటే విడిగా తగిలించే కోడ్ ముక్కలోనే, ఉంచు, రెండోవారు అడిగినప్పుడు ఉమ్మడిలోకి తెద్దువు. ఖాతాదారుకో గిట్ బ్రాంచ్ (కోడ్‌కు విడిగా సాగే శాఖ) పెట్టమని ఎవరైనా చెబితే వినకు, అది మళ్లీ కాపీల దారే.

బయటికి వెళ్లే ఖాతాదారుకు ఏమేమి అప్పగిస్తావో అడ్వాన్సు తీసుకునే ముందే కాగితం మీద రాసుకో. అతని డేటాబేస్, బొమ్మలు, డొమైన్ అతనివే.

ఇక అప్‌డేట్లు. కోడ్ మార్చగానే అన్ని సైట్లకూ మారిపోతుంది కానీ, డేటాబేస్ అప్‌డేట్ మాత్రం ఏ సైటుకా సైటు విడిగా నడపాలి. ఆ సందులోనే సైట్లు పడిపోతాయి. అందుకే పాత కోడ్ ఒక ఫోల్డరులో, కొత్తది మరో ఫోల్డరులో ఉంచి, బ్యాకప్ తీసుకుంటూ డొమైన్లను ఒక్కొక్కటిగా కొత్తదానికి మార్చు. లాడ్జిని చివర పెట్టుకో. రథసప్తమికి గదుల కోసం జనం ఎగబడే వారంలో మాత్రం, భద్రతా సవరణ వస్తే తప్ప, దేనినీ కదపకు.

ఇట్లు,
మీ మామయ్య