అసలు ఫైల్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. ఫైల్ సైజు తగ్గించే జీజిప్ టూల్‌తో ఒక లాగ్ ఫైల్‌ని కంప్రెస్ చేస్తే అసలు ఫైల్ మాయమైంది. అదే పని చేసే జెడ్‌ఎస్‌టీడీతో చేస్తే మాత్రం అలాగే ఉంది. ఫైల్‌లోని మాటల్ని మార్చడానికి వాడే సెడ్ కమాండ్ సర్వర్‌లో నడుస్తుంది గానీ నా మ్యాక్‌లో ఎర్రర్ ఇస్తోంది. ఇవన్నీ ఒకేలా ఎందుకుండవు?

జవాబు: టెన్షన్ పడకండి, గన్‌జిప్ అనే కమాండ్ కొడితే ఆ ఫైల్ తిరిగొస్తుంది. జీజిప్ 1992లో వచ్చింది, అంతకుముందున్న కంప్రెస్ అనే టూల్ స్థానంలో. కంప్రెస్ అసలు ఫైల్‌ని తీసేసేది కాబట్టి జీజిప్ కూడా అదే చేసింది, తర్వాత వచ్చిన బీజిప్2, ఎక్స్‌జెడ్ కూడా అదే దారి పట్టాయి. జెడ్‌ఎస్‌టీడీ ఆ అలవాటు మానేసింది. అది మంచి పనే అంటాను నేను, ఎందుకంటే పక్క టూల్‌తో పోలిక కుదరకపోతే కాస్త చిరాకు, అంతే, కానీ అడగకుండా ఫైల్ తీసేస్తే ఒక్కోసారి ఉద్యోగానికే ఎసరు. మరి జీజిప్‌ని ఇప్పుడు మార్చేయొచ్చుగా అంటారా? ఫైల్ పోతుందనే నమ్మకంతో రాసిన పాత స్క్రిప్టులు ఎన్నో ఉన్నాయి, మారిస్తే వాటి డిస్కులు నిండిపోతాయి. అందుకే 2013లో 1.6 వెర్షన్‌లో అసలు ఫైల్‌ని ఉంచమనే మైనస్ కె ఆప్షన్ మాత్రం చేర్చి, డిఫాల్ట్‌ని ముట్టుకోలేదు.

సెడ్ గొడవ వేరు. ఫైల్‌నే నేరుగా మార్చమని చెప్పే ఆప్షన్ మైనస్ ఐ. దాని తర్వాత పాత కాపీ పేరు చివర తగిలించే బ్యాకప్ పేరు ఇవ్వడం లినక్స్‌లోని గ్నూ సెడ్‌లో మీ ఇష్టం, మ్యాక్‌లోని బీఎస్‌డీ సెడ్‌లో తప్పనిసరి. మీరివ్వకపోతే మీ ఎడిటింగ్ కమాండ్‌నే ఆ పేరు అనుకుని, ఫైల్ పేరుని కమాండ్‌గా చదవబోతుంది, ఎర్రర్ అక్కడే. మైనస్ ఐకి గ్యాప్ లేకుండా డాట్ బ్యాక్ అని తగిలించండి, రెండుచోట్లా నడుస్తుంది, పాత కాపీ కూడా మిగులుతుంది.

అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. స్క్రిప్టులో మాత్రం డిఫాల్ట్‌ని నమ్మకండి, ఉంచాలంటే మైనస్ కె అని, తీసేయాలంటే తీసేయమని విడిగా రాయండి.

వీటన్నిటికంటే నాకు భయం ఫైళ్లని తీసేసే ఆర్ఎమ్ కమాండ్‌తోనే. రెడ్‌హ్యాట్ కంపెనీ లినక్స్ ఉన్న సర్వర్లలో రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా లాగిన్ అయితే ఆర్ఎమ్ మామూలుగా ప్రతి ఫైల్‌కీ అడుగుతుంది, కానీ అడిగేది ఆర్ఎమ్ కాదు, వాళ్లు పెట్టిన ఎలియాస్, అంటే ఆర్ఎమ్ అని కొడితే అడిగి తీసేసే ఆర్ఎమ్‌ని నడిపే మారుపేరు. ఆ ధీమాతో ఇంకో మెషీన్‌లో కొడితే అడిగే దిక్కుండదు, స్క్రిప్టులో అయితే ఆ ఎలియాస్ పనిచేయదు కూడా. కొత్త సర్వర్‌లోకి వెళ్లగానే టైప్ అనే కమాండ్ పక్కన ఆర్ఎమ్ అని రాసి కొట్టి చూడండి, ఎలియాస్ ఉందో లేదో అదే చెబుతుంది.