తుఫానుకి ముందు వాలంటీర్ల బృందం ఏం సిద్ధం చేసుకోవాలి?

"మాది చిన్న పట్టణం, తుఫానొస్తే సాయపడడానికి కుర్రాళ్ళంతా కలిసి ఒక బృందం పెడదామనుకుంటున్నాం, ముందు ఏం కొనాలి?" అని మీరు అడిగారు. నాది శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది. ఆ తర్వాత వీధుల్లో తిరిగి పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను. తాళ్ళూ రంపాలూ తర్వాత, ముందు ఒక నోటు పుస్తకం కొనండి. ఏ ఇంట్లో మంచాన పడ్డవాళ్ళున్నారు, ఎవరికి నెలలు నిండాయి, ఎవరు డయాలసిస్‌కి వెళ్తున్నారు, ఏ బోరుకి ఎంత మోటారుంది, అన్నీ రాసుకోండి. వినాయక చవితి చందాలకి ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతారు కదా, అప్పుడే రాస్తే అక్టోబరు, నవంబరు తుఫాన్లకి ముందే ఆ పని అయిపోతుంది.

మా ఉద్దానంలో, అంటే మా చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల ప్రాంతంలో, కిడ్నీ జబ్బు చాలా ఊళ్ళలో ఉంది. డయాలసిస్‌కి వెళ్ళలేకపోతే ఒళ్ళు ఉబ్బి ఊపిరాడదు. తిత్లీ వచ్చిన రోజు కొబ్బరిచెట్లూ కరెంటు స్తంభాలూ ఒకదానిమీదొకటి రోడ్లకి అడ్డంగా పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. బయటి నుంచి వచ్చిన దళాల దగ్గర పెద్ద రంపాలుంటాయి. కానీ ఏ దారి ముందు తెరిస్తే ఎవరి ప్రాణం నిలుస్తుందో వాళ్ళకెలా తెలుస్తుంది? అది ఊరివాళ్ళే చెప్పాలి.

తిండికన్నా ముందు నీళ్ళకి కటకటైంది. కరెంటు లేకపోతే ట్యాంకులోకి నీళ్ళెక్కవు. దసరా నవరాత్రులు అప్పుడే మొదలవడంతో అమ్మవారి పందిరికి అద్దెకి తెచ్చిన జనరేటరు ఉంది. దాన్ని ట్రాలీ ఆటోకెక్కించి బోరు నుంచి బోరుకి తిప్పాం. వైరు కలిపే పని మాత్రం మా వీధి ఎలక్ట్రీషియన్ బావదే, ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. చెక్కపీట మీద నిలబడి, మెయిన్ దించారా అని రెండోసారి కూడా అడిగాకే స్టార్టరు డబ్బా తెరిచేవాడు. మన జనరేటరు కరెంటు పొరపాటున లైనులోకి ఎక్కిందంటే అక్కడెక్కడో స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఈ జాగ్రత్త మీ కుర్రాళ్ళందరికీ ఇప్పుడే నేర్పండి. "పొట్లాలొద్దు నాయనా, రెండు బిందెల నీళ్ళు పొయ్యండి చాలు" అని ఒక మామ్మ అన్న మాట నాకింకా గుర్తుంది.

అన్నం పొట్లాలు హైవే పక్క ఊళ్ళకి గుట్టలుగా వస్తాయి, లోపలి ఊళ్ళకి చేరవు. లారీలని ఆపి దారి చూపించండి. వచ్చిన డబ్బూ పెట్టిన ఖర్చూ రోజూ రామాలయం గోడమీద అంటించండి.

లారీలు రావడం మానేశాకే అసలు కష్టం మొదలైంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి అయిదారేళ్ళు పడుతుంది, జీడికి మూడు నాలుగేళ్ళు. తోట పడిపోతే రైతుతో పాటు కాయ దింపేవాడికీ, పీచు ఒలిచేవాడికీ పని పోతుంది. నష్టం లెక్క రాసేవాళ్ళు వచ్చేదాకా పడిన చెట్టు కదపడానికి రైతులు భయపడతారు. అందుకే చెట్టు తియ్యకముందే రైతుని దాని మొదలు పక్కన నిలబెట్టి, తోటంతా కనబడేలా ఫొటోలు తీసి, సర్వే నంబరూ చెట్ల లెక్కా రాసి సంతకాలు పెట్టించాం. కౌలురైతుల పేర్లు పాసుపుస్తకాల్లో ఉండవు. భూమి యజమాని ఊళ్ళో ఉండగానే, తోట చేసింది ఫలానావాళ్ళని కాగితం రాయించుకోండి. పరిహారం డబ్బులు పడ్డాక అడిగితే ఆ సంతకం దొరకడం చాలా కష్టం.