బారువ కెరటాల మీదికి వెళ్ళే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

శ్రీకాకుళం నుంచి మావయ్య ఆశీస్సులు. విశాఖ రుషికొండలో సర్ఫింగ్, అదే బోర్డు మీద నిలబడి కెరటాలపై జారే ఆట, నేర్చుకున్న తరువాత అక్కడి రద్దీ నీకూ నీ స్నేహితులకూ విసుగు పుట్టిస్తున్నదనీ, మా జిల్లాలో సోంపేట దగ్గర జనం అంతగా ఎరగని బారువ తీరానికి బోర్డులతో వెళ్ళి నాలుగు రోజులు ఉండాలనుకుంటున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆలోచన మంచిదే. మత్స్యశాఖ ఉద్యోగం పుణ్యమా అని ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఈ తీరమంతా తిరిగినవాణ్ణి కనుక, బయలుదేరే ముందు మీకు తెలియవలసిన సంగతులు రాస్తున్నాను.

రుషికొండలో బోర్డు అద్దెకిచ్చేవారు, పక్కన నిలబడి నేర్పేవారు, హద్దు దాటితే ఈల వేసేవారు ఉంటారు. బారువలో అటువంటి ఏర్పాటు ఏదో ఉంటుందని లెక్క వేసుకోవద్దు. అక్కడ సముద్రాన్ని క్షణక్షణం కనిపెట్టి ఉండేది వేటకు వెళ్ళే మత్స్యకారులు మాత్రమే. కనుక వారిలో ఒక పెద్దమనిషితో పరిచయం చేసుకుని, ఆయన దిగమన్న చోట, దిగమన్న వేళకు దిగడమే మీ మొదటి జాగ్రత్త. ఆయన వద్దన్న రోజున, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, బోర్డును సంచిలోంచి తీయనే వద్దు.

నెలల సంగతి. మీలో కొత్తవారు ఉన్నారు కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల దక్షిణం నుంచి వచ్చే కెరటాలు బలంగా ఉంటాయి. అవి చేయి తిరిగినవారికే తగినవి. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడు తుపానులూ అక్టోబరు రెండో వారంలోనే ఉత్తరాంధ్రను దెబ్బతీశాయి. తిత్లీ ఉద్దానంలో కూల్చిన కొబ్బరి తోటల లోటు ఇంకా పూర్తిగా పూడలేదని అక్కడి రైతులను అడిగితే చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం. ఆ రోజుల్లో మత్స్యకారులు ఒడ్డునే ఉంటారు కనుక మీతో రావడానికి తీరిక ఉంటుంది గాని, చేతిలో డబ్బు ఆడని కాలమది. వారి సమయాన్ని ఉచితంగా వాడుకోవడం మర్యాద కాదు. రోజుకు ఇంత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి.

మీ హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. తీరప్రాంతాలకు అలల ముందస్తు అంచనాలు ఇచ్చేది అదే. ఆ అంచనాలో అందరూ అల ఎత్తు చూసి సంతృప్తి పడతారు. ఒక అలకూ తరువాతి అలకూ మధ్య ఎన్ని సెకన్లు ఉన్నాయన్నది కూడా చూడాలి. ఒకే ఎత్తు ఉన్న అలలైనా, ఆరేడు సెకన్లకు ఒకటి వచ్చే వాటికంటే పన్నెండు, పద్నాలుగు సెకన్లకు ఒకటి వచ్చేవి ఎంతో దూరం నుంచి పుట్టుకొచ్చినవై, ఒడ్డు దగ్గర లేచి విరిగేటప్పుడు చాలా ఎక్కువ బలం చూపిస్తాయి.

ఇక తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్ళి, బోర్డు పక్కన పెట్టి, పడవలు సముద్రంలోకి దిగడం చూడండి. మీరు నేర్చుకోవలసిన విద్యలో సగం అక్కడే ఉంది. పడవ మూతిని కెరటాలకు ఎదురుగా పెట్టి, నలుగురు ఛాతీ లోతు నీటిలో దాన్ని పట్టుకుని నిలబడతారు, ఎవరూ తొందరపడరు. పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటిగా మూడో నాలుగో వచ్చి విరిగిపోయేదాకా ఆగుతారు. ఆ వరుస అయిపోయి నీరు కాస్త సర్దుకోగానే, వెనక ఉన్న పెద్దాయన ఒక్క కేక వేస్తాడు. అందరూ ఒక్కసారిగా నెట్టి పైకి ఎక్కేస్తారు. తరువాతి వరుస లేచేలోగా పడవ కెరటాలు విరిగే చోటు దాటిపోతుంది. మీరు బోర్డు మీద పడుకుని చేతులతో తోసుకుంటూ లోపలికి వెళ్ళవలసింది కూడా సరిగ్గా ఆ విరామంలోనే. తెల్లవారుజామున నేల మీది నుంచి వీచే గాలికి సముద్రపు పైభాగం నునుపుగా, కెరటం ముఖం తీరుగా ఉంటుంది. పది గంటలు దాటి సముద్రపు గాలి అందుకున్నదంటే అంతా గజిబిజి అవుతుంది కనుక, మీ సరదా ఆలోగానే ముగించుకోవడం మేలు.

కెరటాలు విరగకుండా, నీరు నల్లగా, ప్రశాంతంగా కనిపించే సందు ఏదైనా ఉంటే అది దిగడానికి సులువైన చోటని కొత్తవారు భ్రమపడతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదు; బోర్డును వదలకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, కెరటాలు విరుగుతున్న చోటికి చేరితే అవే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. మహేంద్రతనయ నది కలిసే మొగ దగ్గరకు అసలు పోవద్దు. కొండల్లో వాన పడిందంటే ఇక్కడ ఎండ కాస్తున్నా మొగలో ప్రవాహం ఉరుకుతుంది, దుంగలూ చెత్తా కొట్టుకొస్తాయి, ఇసుక మేటలు చోటు మారతాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఈ రోజు నిలువెత్తు నీరు ఉండవచ్చు. 1917లో ఆ తీరాన మునిగిపోయిన చిల్కా అనే ఓడ గురించి ఊళ్ళో చెబుతారు. వినండి గాని, చూసి వద్దామని బోర్డులేసుకుని బయలుదేరకండి.

పడవలు ఒడ్డుకు వచ్చే మేర మీ ఆటస్థలం కాదు. కెరటం మీద దూసుకొచ్చే పడవకు పక్కకు తిరిగే వీలుండదు. ఒడ్డున నిలబడి తాళ్ళతో లాగే అలివి వల లాగుతున్నప్పుడు ఆ తాళ్ళ మధ్యకు పోవద్దు, ఇసుక మీద ఆరవేసిన వలలను తొక్కవద్దు, దాటవద్దు. చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళను అడగకుండా ఫోటోలు తీయవద్దు. కోటిలింగేశ్వరాలయానికీ, జనార్దనస్వామి గుడికీ పోయేటప్పుడు తడి నిక్కర్లతో పోవద్దని మీకు చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

రైలులో వస్తే సోంపేట స్టేషన్‌లో దిగాలి. ఆ స్టేషన్ ఉన్నది మాత్రం కంచిలిలో. ఎనిమిది అడుగుల బోర్డును బెర్తు కిందికి దూర్చడం కుదరదు కాబట్టి, విశాఖ నుంచి పైన క్యారియర్ ఉన్న కారు మాట్లాడుకుని పదహారో నెంబరు జాతీయ రహదారి మీద రావడమే సుఖం. ఊళ్ళో బస కుదరకపోతే సోంపేటలో ఉండండి. నీరు వెచ్చగానే ఉంటుంది గనుక ప్రత్యేక దుస్తులు అక్కరలేదు. ఎండకూ, బోర్డు ఒరిపిడికీ, జెల్లీ చేపలకూ పొడుగు చేతుల చొక్కా చాలు. బోర్డును కాలికి కట్టుకునే తాడు మాత్రం అదనంగా ఒకటి తెచ్చుకోండి, తెగితే అక్కడ కొనడానికి దొరకదు. తిరుగు ప్రయాణంలో మందస కోవా, పలాస జీడిపప్పు మీ అమ్మకు మరచిపోకు.

మీరు వచ్చే నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. చీకటి పడ్డాక టార్చిలైట్లు, చలిమంటలు, పాటల పెట్టెలు వద్దు. వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగిపోతుంది, పిల్లలైతే సముద్రమనుకుని దీపాల వైపు పాకుతాయి. ఈ ఒక్క విషయంలో ఎవరు నవ్వినా నువ్వు పట్టుదలగా ఉండు.

తేదీలు ఖాయం కాగానే రాయి. బారువలో నాకు తెలిసిన ఒక మత్స్యకారుడి ఇంటికి కబురు పంపుతాను. అలాగే మీ బృందంలో ఈత బాగా వచ్చినవారెవరు, రానివారెవరు అన్నది దాచకుండా రాయి. రానివారికి ఆ నాలుగు రోజులూ ఒడ్డున చేయడానికి బోలెడంత పని చూపిస్తాను గాని, బోర్డు ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోను.

ఇట్లు,
మీ మావయ్య