ఎర్ర సిరా పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పిల్లలు రాసే ఇంగ్లీషు వాక్యాల్లో ఏది తప్పో, ఏది మారిన వాడుకో తేల్చుకోలేక సతమతమవుతున్నానని రాశావు. పాఠం చెప్పేవారికి ఈ సందేహం రావడం మంచిదే.

ఇంగ్లీషు చెడిపోతోందన్న గోడు ఈనాటిది కాదు. ఆ భాషను సరిదిద్ది, ఇక మారకుండా కట్టడి చేసేందుకు ఒక సంఘం ఉండాలని 1712లోనే రచయిత జోనథన్ స్విఫ్ట్ కోరాడు. లాటిన్ పదబంధాన్ని తెగ్గొట్టి చేసిన 'మాబ్' (అల్లరిమూక) అనే మాట ఆయనకు ఎంతమాత్రం గిట్టేది కాదు. ఈరోజు దానికి అభ్యంతరం చెప్పేవారే లేరు. 1747లో నిఘంటువు ప్రణాళిక ప్రకటించినప్పుడు భాషను స్థిరపరచగలనని ఆశపడిన శామ్యూల్ జాన్సన్, 1755లో ఆ నిఘంటువు అచ్చయ్యేనాటికి, భాషను కట్టిపడేయడం జరిగే పని కాదని ముందుమాటలో తానే ఒప్పుకున్నాడు. ఏళ్ల తరబడి మాటల మధ్య గడిపిన మనిషి చెప్పింది గనుక నేను దానికి చాలా విలువ ఇస్తాను.

ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. ఇల్లు కడుతున్నారనడానికి నువ్వు 'ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్' అని నేర్పుతావు. పద్దెనిమిదో శతాబ్దంలో చదువుకున్నవారు 'ద హౌస్ ఈజ్ బిల్డింగ్' అని రాసేవారు. ఆ శతాబ్దం చివర్లో తలెత్తిన 'బీయింగ్ బిల్ట్'ను తరవాతి తరాల పండితులు వికృతమని దుయ్యబట్టారు. అమెరికాలో రిచర్డ్ గ్రాంట్ వైట్ అనే విమర్శకుడు 1870 నాటి తన పుస్తకంలో దాన్ని ఖండించడానికి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. కర్మణి ప్రయోగం పేరిట మన పిల్లలచేత ఇప్పుడు వల్లె వేయిస్తున్నది సరిగ్గా ఆ రూపాన్నే.

కాబట్టి ఎర్ర సిరా పెట్టే ముందు పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెరిచి, ఆ ప్రయోగం ఎప్పటినుంచి ఉందో చూడు. ఒక్క మనిషిని 'దే' అనడం నిన్నమొన్నటి పోకడ అనుకుంటారు గానీ, అది పద్నాలుగో శతాబ్దం నుంచీ రాతలో ఉంది. మన దేశంలో విరివిగా వాడే 'ప్రీపోన్' (అనుకున్న సమయం కంటే ముందుకు జరపడం) కూడా నిఘంటువుకెక్కింది. అయితే నియమం తెలియక 'హీ గో' అని రాసిన వాక్యాన్ని భాషలో మార్పు అని వదిలేయకు. అది దిద్దవలసిన తప్పే. 'అబౌట్' అక్కర్లేని చోట చేర్చే 'డిస్కస్ అబౌట్' విషయంలో మాత్రం ఉన్నమాట చెప్పు: మన దగ్గర అందరి నోటా వినిపిస్తుందనీ, పరీక్షలో మార్కు పోతుందనీ, రెండూ చెప్పు.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మాట మీద చూపే ఆగ్రహం చాలాసార్లు ఆ మాట ఆడే మనుషుల మీద చిన్నచూపే. 1961లో అమెరికాలో వెలువడిన వెబ్‌స్టర్ మూడో నిఘంటువు 'ఎయింట్' ('ఈజ్ నాట్' వంటివాటికి వాడుక రూపం) అనే మాటకు చోటిచ్చిన తీరు చూసి అమెరికా పత్రికలు గగ్గోలు పెట్టాయి. సామాన్యుల నోట నలిగే మాట కావడమే దాని అపరాధం. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు ఎదుర్కొన్నదీ ఇలాంటి చిన్నచూపునే. ఇంట్లో ఇంగ్లీషు అక్షరం ముక్క వినని పిల్లవాడు నీ తరగతిలో నోరు తెరిచినప్పుడు, అతని వాక్యం పూర్తయ్యేదాకా ఆపకు. నలుగురిలో దిద్దకు, తరగతి అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, సరైన రూపం రాయించి, ఎందుకు సరైనదో వివరించు. నీకు నచ్చని కొత్త మాటలు కొన్ని ఉంటాయి, నాకూ ఉన్నాయి. ఆ అయిష్టానికి వాళ్ల మార్కులు కోయకు.

ఇట్లు,
మీ పెదనాన్న